గీత బయట నిలబడిన పంతులు



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక సండే స్కూల్ ఉపాధ్యాయులతో కూర్చున్నాము. వచ్చినవారు ముగ్గురే. మిగిలినవారు కుటుంబాలతో సుగ్గికి పోయారు. "ఎన్నేండ్లు చెప్పినా ఏం లాభం అయ్యగారూ? పిల్లోళ్ళు పదో తరగతి కాంగానే బెంగుళూరికో హైదరాబాదుకో పోతారు. మన కష్టానికి ఫలం యాడుంది?" అని ఒక అక్క అడిగింది. ఆ పూట మేము ప్రార్థన చేసి పంపించామే గాని జవాబు చెప్పలేకపోయాము. వారమంతా ఆ మాట మనసులో మెదులుతుంటే ఒక బడిపంతులు జీవితం జ్ఞాపకం వచ్చింది. దాన్నే మీతో పంచుకుంటున్నాము.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు, తరువాత బడిలో పాఠాలు చెప్పారు. ఆటగాళ్ళకు ఆయన రహీం సాబ్. ఆయన మన విశ్వాసానికి చెందినవారు కారు, ముస్లిం. అయితే మన ప్రభువు ప్రేమను గూర్చి బోధించినప్పుడు సమరయుడినే మాదిరిగా చూపించాడు గదా! మంచి ఎవరిలో ఉన్నా నేర్చుకుందాము.

రహీం గారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. ఆ చలిదేశంలో మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు.

ప్రియులారా, అంత అవమానం తరువాత మనమైతే ఏం చేస్తాము? ఎవరో ఒకరి మీద నెపం వేసి ఇంట్లో కూర్చుంటాము. ఆయన మళ్ళీ పాఠం మొదలుపెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదని, అంటే బంతిని తన కాళ్ళ దగ్గరే ఉంచుకొని ఒక్కడే పరుగెత్తకూడదని షరతు పెట్టి కుర్రవాళ్ళకు పోటీలు నడిపారు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో పోటీ పెట్టారు. దొరికింది పక్కవానికి అందించు, నీ బలహీనతను దాచుకోక సాధనతో దిద్దుకో అని నేర్పడమే ఇది. మన సంఘానికి కూడా ఈ రెండు పాఠాలూ కావాలి.

కర్నూలు వాళ్ళకు 1956 నవంబరు 1 మరువరాని రోజు. 1953 నుండి ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న మన కర్నూలుకు ఆ రోజుతో ఆ హోదా పోయింది, హైదరాబాదు కొత్త ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని అయింది. రహీం గారు మన రాష్ట్రం మనిషి అయ్యారు. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

ఇక 1962, జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండ్ మీద గెలిచిన ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ గాయపడిన మనిషిని పక్కన కూర్చోబెట్టకుండా రహీం గారు ముందు వరుసలో నిలబెట్టారు. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ అదే దక్షిణ కొరియా. స్టేడియమంతా మనవాళ్ళకు వ్యతిరేకంగా అరుస్తోంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతోనే జర్నైల్ సింగ్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో బంగారం మనదైంది.

కోచ్ ఆ మైదానంలో అడుగు పెట్టలేదు, బంతిని తాకలేదు. గీత బయటే ఉన్నారు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు. ఆయన పేరు చాలామంది మరచిపోయారు. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాకే మన పిల్లలు కొందరికి తెలిసింది.

అయితే కష్టం వృథా అయిందా? లేదు. ఆ ఫైనల్లో గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ తరువాత తానే కోచ్ అయ్యారు. ఎందరికో ఆట నేర్పారు. శిష్యుడు గురువైనాడు. పౌలు భక్తుడు తిమోతిని తయారుచేసినదీ అందుకే. తాను విన్నది ఇంకొకరికి నేర్పగలవాడు కావాలని.

అక్కా, ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇది. మన పిల్లలు బెంగుళూరులో ఇటుకలు మోస్తున్నా, హైదరాబాదులో ఆటో నడుపుతున్నా, ఆడుతున్నది వాళ్ళే. మనం గీత బయట ఉన్నాము. ఫలం అక్కడ పండుతుంది, మన కంటికి కనబడకపోవచ్చు. ఒక తప్పు మాత్రం మనదే, ముఖ్యంగా మాది. ఇన్నేండ్లూ పిల్లలకు పాఠం చెప్పామే గాని పాఠం చెప్పేవారిని తయారుచేయలేదు. కాబట్టి వచ్చే ఆదివారం నుండి ముగ్గురు ఉపాధ్యాయుల పక్కన పది చదివే పిల్లలు ముగ్గురు కూర్చుంటారు. తప్పులు చెప్పినా సరే, చెప్పనిద్దాము. బలహీనమైన కాలితోనే ఆడనిద్దాము.

ప్రభువు మన చేతుల కష్టాన్ని స్థిరపరచును గాక. ఆమేన్.