బద్ధకంలోని కట్టు

'బద్ధకం' అన్న మాటను చాలామంది 'బద్దకం' అని రాస్తారు. పలికేటప్పుడు ఎలాగూ ఒత్తు వినపడదు కదా, రాతలో పోతే వచ్చిన నష్టమేమిటని అడుగుతారు కూడా. ఒత్తు పోతే మాట పుట్టుక చెరిగిపోతుంది. 'బద్ధ' అంటే కట్టిన, కట్టుబడిన అని. సంస్కృతంలో బద్ధకుడంటే సోమరి కాడు, బందీ. అథర్వవేదంలో 'బద్ధకమోచనం' అన్న మాట ఉంది, కట్టుబడి ఉన్నవాణ్ణి విడిపించడం అని అర్థం.

మరి సోమరితనాన్ని సంస్కృతం ఏమంటుంది? 'ఆలస్యం' అంటుంది. అలసుడి గుణం ఆలస్యం. హిందీవాళ్లు నేటికీ ఆ అర్థంలోనే వాడుకుంటున్నారు. మనం మాత్రం దాన్ని తీసుకెళ్లి గడియారానికి తగిలించాం. రైలు ఆలస్యంగా వచ్చిందంటే రైలుకు ఒళ్లొంగలేదని మన ఉద్దేశం కాదు. ఆ మాట వదిలి వెళ్లిన పీట మీద ఖైదీ వచ్చి కూర్చున్నాడు. పని చేయాలని ఉండీ లేవలేని మనిషికి ఖైదీ పేరు పెట్టడం తెలుగు చేసిన పని. ఆ పేరు నాకు చాలా నచ్చుతుంది.

'బద్ధ' పుట్టిన ధాతువు సంతానం పెద్దది. బంధం, బంధువు, నిబంధన, ప్రబంధం అన్నీ ఆ ఇంటివే. పారశీకం దారిన వచ్చిన బందీ, బంద్, బందోబస్తు కూడా దూరపు దాయాదులే. బందోబస్తులో రెండు ముక్కలకూ అర్థం కట్టడమే. పోలీసులు రెండుసార్లు కడతారన్నమాట. అయితే అసలు తమాషా వేరే చోట ఉంది. బద్ధకం పుట్టిన ఇంట్లోనే కంకణబద్ధుడు, కటిబద్ధుడు, నిబద్ధత కూడా పుట్టాయి. చేతికి కంకణం కట్టుకున్నవాడు పని పూర్తయ్యేదాకా వదలడు, బద్ధకస్తుడు పనే మొదలుపెట్టడు. ఇద్దరినీ కట్టింది ఒకే తాడు. అచ్చ తెలుగులోనూ ఇదే వరస: నడుం కట్టినవాడు పనిలోకి దిగుతాడు, చేతులు కట్టుకున్నవాడు చూస్తూ కూర్చుంటాడు.

వ్యాకరణం వైపు కూడా ఒకసారి చూడాలి. 'నాకు బద్ధకంగా ఉంది' అంటాం. చలిగా ఉంది, ఆకలిగా ఉంది అన్నట్టే ఇదీను. ఇక్కడ 'నేను' కర్తను కాను, ఏదో వచ్చి నా మీద పడింది. పక్కవాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాక్యం మారిపోతుంది: 'వాడు ఉత్త బద్ధకస్తుడు'. మనకైతే వాతావరణం, ఎదుటివాడికైతే స్వభావం. తెలుగువాళ్లం ఈ రెండు వాక్యాలనూ ఎంత పొదుపుగా ఎవరికి తగ్గట్టు వాళ్లకు పంచుతామో గమనిస్తే నవ్వొస్తుంది.

ఇంతకీ ఈ బద్ధకపు కట్టు శరీరంలో ఎక్కడ పడుతుందన్న ప్రశ్నకు మొదటి గట్టి ఆధారం 1957లో స్వీడన్‌లోని లుండ్‌లో దొరికింది. ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరు నుంచి తీసిన మందు, రక్తపోటుకు వాడేవారు. మందెక్కిన కుందేళ్లు చెవులు వాల్చేసి, ఎక్కడివక్కడే కదలకుండా పడి ఉన్నాయి. వాటికి డోపా అనే పదార్థాన్ని సూదిమందుగా ఇస్తే కాసేపటికే చెవులు నిక్కించి తిరగడం మొదలుపెట్టాయి. మెదడు డోపా నుంచి డోపమిన్ తయారుచేసుకుంటుంది. అంతవరకూ డోపమిన్‌ను వేరే రసాయనం తయారీలో మధ్యలో వచ్చే మజిలీగానే చూశారు. దానికంటూ సొంత పని ఉందని ఈ కుందేళ్లతో తేలింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు డోపమిన్ పేరు తెలియనివాళ్లు లేరు. రీల్స్ చూస్తే 'డోపమిన్ హిట్', ఫోన్ పక్కన పెడితే 'డోపమిన్ ఉపవాసం'. అందరూ దాన్ని ఆనంద రసాయనం అంటున్నారు. ఆ పేరు తప్పుదారి పట్టిస్తుంది. కనెటికట్ విశ్వవిద్యాలయంలో జాన్ సాలమోన్ ఎలుకలతో చేసిన ప్రయోగాలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఎలుక ముందు రెండు దారులు పెట్టారు. మీటను ఐదుసార్లు నొక్కితే దానికి ఇష్టమైన తిండి బిళ్ల వస్తుంది. నొక్కకపోతే మామూలు దాణా పక్కనే ఊరికే పడి ఉంటుంది. మామూలు ఎలుక దాణా వైపు చూడకుండా మీట దగ్గరే ఉంటుంది. మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట డోపమిన్‌ను తగ్గించేస్తే అదే ఎలుక మీట వదిలేసి దాణా తిని సరిపెట్టుకుంటుంది. దాని ఆకలి తగ్గలేదు. రెండు రకాల తిండినీ ఊరికే ముందు పెడితే ఇప్పటికీ ఇష్టమైనదే తింటుంది. రుచి తెలుసు, కావాలనీ ఉంది. ఐదుసార్లు నొక్కడం దగ్గరే ఆగిపోతోంది. 'నాకు బద్ధకంగా ఉంది' అన్న వాక్యాన్ని ఇంతకంటే దగ్గరగా చూపించిన ప్రయోగం నాకు తెలియదు.

సియాటిల్‌లో రిచర్డ్ పామిటర్ బృందం 1995లో ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. డోపమిన్ అసలే తయారుచేసుకోలేని చిట్టెలుకలను పుట్టించారు. తిండి ఎదురుగా ఉన్నా వెళ్లి తినవు, కొన్ని వారాల్లో చనిపోతాయి. నోట్లో పెడితే మింగుతాయి. రోజూ డోపా ఇస్తే బతుకుతాయి. అన్నం కంచంలోకి వచ్చినా చెయ్యి కదపడన్న తిట్టు విన్నప్పుడల్లా నాకు ఈ చిట్టెలుకలు గుర్తొస్తాయి.

ఒళ్లు బద్ధకం సరే, బుర్ర బద్ధకం మాటేమిటి? లెక్క చేయడం వచ్చినా కూర్చుని చేయడానికి మనసొప్పదు. నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో ఆండ్రూ వెస్ట్‌బ్రుక్, రోషన్ కూల్స్, మరికొందరు కలిసి దీన్నే పరీక్షించి 2020లో ప్రచురించారు. పాల్గొన్నవాళ్లు 50 మంది. తెర మీద అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. ఇప్పుడు కనిపించిన అక్షరం రెండింటి కిందట వచ్చిందేనా, మూడింటి కిందట వచ్చిందేనా చెప్పాలి. సంఖ్య పెరిగేకొద్దీ బుర్ర వేడెక్కుతుంది. కష్టమైన ఆట మళ్లీ ఆడటానికి ఎంత డబ్బు కావాలని అడిగారు. మెదడులో డోపమిన్ తయారయ్యే శక్తి తక్కువ ఉన్నవాళ్లు కష్టానికి వెనుకాడారు. అలాంటివాళ్లకు డోపమిన్‌ను పెంచే మెథైల్‌ఫెనిడేట్ మాత్ర ఇచ్చినప్పుడు కష్టమైనదాన్ని ఎంచుకోవడం పెరిగింది. ఆ మాత్రతో వాళ్ల త్రాసు మారింది: వచ్చే లాభం బరువుగా తోచింది, పడే శ్రమ తేలికగా తోచింది.

ఒకే తాడు కంకణబద్ధుణ్ణీ బద్ధకస్తుణ్ణీ ఎలా కట్టిందో ఈ త్రాసు చెబుతుంది. శ్రమ ఇద్దరికీ ఒకటే. ఒకరి తూకంలో అది ముందుకు లాగే కట్టయింది, ఇంకొకరి తూకంలో కదలనివ్వని కట్టయింది. నేర్చుకోవడంలోనూ ఇదే రసాయనం పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్రామ్ షుల్ట్స్ కోతులకు దీపం వెలిగించి పళ్లరసం ఇచ్చేవాడు. మొదట్లో రసం అందినప్పుడు చెలరేగిన డోపమిన్ కణాలు, అలవాటయ్యాక దీపం వెలగగానే చెలరేగాయి. అనుకున్న వేళకు రసం రాకపోతే వాటి చప్పుడు తగ్గింది. అనుకున్నదానికీ అందినదానికీ ఉన్న తేడాను మెదడు ఇలా లెక్కలోకి రాసుకుంటుంది. దేనికి శ్రమ పడొచ్చు, దేనికి పడక్కర్లేదు అన్న తూకపు రాళ్లు అక్కడే తయారవుతాయి. ఎంత చదివినా ఫలితం రాని పిల్లవాడికి చదువంటే బద్ధకం ఎందుకు కమ్ముతుందో దీన్ని బట్టి కొంత ఊహించుకోవచ్చు. కొంతే సుమా. నిద్ర, దిగులు, రక్తహీనత, ఇంటి పరిస్థితి, ఇవన్నీ కూడా మనిషిని కట్టేస్తాయి. అన్నింటినీ ఒక రసాయనం నెత్తిన రుద్దడం కూడా ఒక రకం బుర్ర బద్ధకమే.

డోపాకు మన ప్రాంతంతో చుట్టరికం ఉంది. పొలాల గట్ల మీద, అడవి అంచుల్లో దూలగొండి తీగ ఉంటుంది కదా, కాయ తగిలితే ఒళ్లంతా దురద. దాని గింజల్లో డోపా దండిగా ఉంటుంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి డోపాను వేరుచేసి చూపించారు. పార్కిన్సన్ జబ్బుకు దీన్ని ఇవ్వాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు. జార్జ్ కోట్జియాస్ అమెరికాలో 1967లో డోపాను పెద్ద మోతాదులో ఇచ్చాక ఆ రోగులు లేచి నడిచారు. గింజలు దొరుకుతాయి కదా అని ఇంట్లో నూరుకుని తాగవద్దు, మోతాదు వైద్యుడు తేల్చాల్సిందే.

పార్కిన్సన్‌లో డోపమిన్ తయారుచేసే కణాలు రాలిపోతుంటాయి. చెయ్యి వణకడం అందరికీ తెలిసిన లక్షణం, కానీ కొందరికి అసలు వణకదు. నడక నెమ్మదిస్తుంది, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగదు, సంతకం చిన్నదైపోతుంది, దేని మీదా ఆసక్తి ఉండదు. ఇంట్లోవాళ్లకు ఇవేవీ జబ్బులా కనిపించవు. 'రిటైరయ్యాక నాన్నకు బద్ధకం పెరిగింది' అనేస్తారు. పెద్దాయన కూడా 'ఏమోరా, బద్ధకంగా ఉంటోంది' అంటాడు. ఆయన వాక్యమే సరైంది, వినాల్సింది దాన్నే. నిన్నటిదాకా చురుగ్గా తిరిగిన మనిషి ఇలా కుర్చీకి అతుక్కుపోతే, బద్ధకస్తుడని పేరు పెట్టకముందే ఒకసారి నరాల వైద్యుడికి చూపించండి.