లాగ్‌లో ఒక్క లైన్

2021 డిసెంబర్ 10, శుక్రవారం రాత్రి. ఆన్‌కాల్ డ్యూటీ మీది. సర్వర్ లాగ్ స్క్రీన్ మీద పరుగెడుతోంది: లాగిన్, పేమెంట్, లాగిన్, టైమవుట్. ఆగండి. ఆ లైన్ మళ్లీ చూడండి. బ్రౌజర్ పేరు ఉండాల్సిన చోట డాలర్ గుర్తు, పక్కనే పూల బ్రాకెట్, లోపల ‘జేఎన్‌డీఐ, ఎల్‌డ్యాప్’, ఆ తర్వాత ఎవరిదో చిరునామా.

పిచ్చి రాతలే కదా, లాగ్‌లో పడితే ఏమవుతుంది అంటారా? మీ జావా అప్లికేషన్‌కు లాగులు రాసేది లాగ్‌ఫోర్‌జే. ఈ గుర్తులు కనిపిస్తే అది ఉన్నదున్నట్టు రాసి ఊరుకోదు. ఆ చిరునామాను సంప్రదిస్తుంది. అవతలివాడు పంపిన కోడ్ మీ సర్వర్‌లో నడిచిపోవచ్చు. 2013 నుంచీ ఆ సౌకర్యం అందులో ఉంది. ఇప్పుడు ఆ లోపం తీవ్రత స్కోరు పదికి పది.

మీ వెర్షన్ ఎంత? డిపెండెన్సీ ట్రీ తీయండి. 2.14.1. ఈ దాడికి లొంగిపోయే వెర్షనే.

అదే లైన్ మళ్లీ వచ్చింది. ఈసారి వేరే చిరునామా. ఇంకోటి. ఇంకోటి.

బయటికి వెళ్లే దారి మూసెయ్యండి. ఫైర్‌వాల్ రూల్. ఎంటర్.

ఇప్పుడేం చేస్తారు? లోపం సరిచేసిన వెర్షన్ 2.15.0 వచ్చింది, కానీ బిల్డ్, టెస్టులు అయ్యేసరికి తెల్లారుతుంది. సర్వీస్ ఆపేస్తే పేమెంట్లు ఆగుతాయి. మూడో దారి ఉంది: జార్ ఫైల్లోంచి, ఆ చిరునామాలను సంప్రదించే ‘జేఎన్‌డీఐ లుకప్’ క్లాస్‌ను తీసెయ్యడం. ఒక్క కమాండ్. కొట్టండి. రీస్టార్ట్. లాగ్ చూడండి. ఆ లైన్ వస్తోంది. వట్టి అక్షరాలుగా పడి ఉంటోంది.

పని అక్కడితో అవ్వదు. డిసెంబర్ 13న 2.16.0, ఆ తర్వాత 2.17.0. ప్రతిసారీ మళ్లీ బిల్డ్, మళ్లీ డిప్లాయ్.

అసలు లాగ్‌ఫోర్‌జే మీ ప్రాజెక్టులోకి ఎలా వచ్చింది? స్ప్రింగ్ బూట్ మామూలుగా ఇచ్చేది లాగ్‌బ్యాక్. వేగం కోసం మీ టీమ్ లాగ్‌ఫోర్‌జేకు మారింది. కోడ్ అంతా మాత్రం మధ్య పొర అయిన ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జేనే పిలుస్తోంది. అందుకే వెనకున్న లైబ్రరీని మార్చాలంటే బిల్డ్ ఫైల్, లాగ్ సెట్టింగులు దిద్దితే చాలు. వందల ఫైళ్లు తెరవక్కర్లేదు. ఆ మధ్య పొరను ఎప్పుడూ వదులుకోకండి. రేపటి ప్రాజెక్టుకు లాగర్ ఎంచుకునేటప్పుడు వేగం సంగతి తర్వాత చూడండి. బయటివాళ్లు పంపిన మాటను అది రాసిపెడుతుందా, దాని ప్రకారం పని చేస్తుందా? ముందు అది తేల్చుకోండి.