గిడుగు పంతులు గారు, మన సవర మాట



మల్కాపురంలో రిఫైనరీ దగ్గర అద్దె గదిలో ఉండి చదువుకుంటున్న ఒక సవర తమ్ముడు పోయిన వారం ఫోన్ చేశాడు. కొండ ఊళ్ళలో చిన్నపిల్లలకు మొదటి రెండేళ్ళు సవరలోనే చదువు చెప్పాలని గదిలో అన్నాడట. బయటివాళ్ళు నవ్వితే సర్లే అనుకున్నాడు. కానీ మనవాళ్ళే "సవరలో చదివితే ఉద్యోగం ఎవడిస్తాడు, మళ్ళీ కొండెక్కమంటావా" అని మీద పడ్డారట. "అన్నా, ఇంక ఈ మాట ఎత్తను" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

గిడుగు రామమూర్తి పంతులు గారు అనగానే మనకు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం గుర్తొస్తాయి. 1863లో ఆ రోజునే శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టరుగా చేరారు. చెప్పేది చరిత్ర, జీతం 30 రూపాయలు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఏళ్ళ తరబడి మన భాష నేర్చుకున్నారు. (పంతులు గారి పుట్టినరోజు పండగైంది. నేర్పిన ఆ మనిషి పేరు మాత్రం మన పాఠాల్లో కనపడదు. నాకిది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.) తర్వాత సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి మేష్టర్లకు జీతాలిచ్చారు. మన్యంలో తిరిగి జ్వరాలపాలై, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు.

పుస్తకం లేని భాషక్కూడా గట్టి వ్యాకరణం ఉంటుందని ఆయనకు తెలిసొచ్చింది మన దగ్గరేనని నా నమ్మకం. అలాంటప్పుడు జనం మాట్లాడే తెలుగు బడికి ఎందుకు పనికిరాదు? ఆ మాట పైకి అన్నారు. విశాఖలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్, విజయనగరంలో గురజాడ ఆయన పక్కన నిలబడ్డారు. ఎదురుగా జయంతి రామయ్య పంతులు, 1911లో పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. వాడుక భాషకు "గ్రామ్యం" అని పేరు పెట్టారు. స్కూల్ ఫైనల్ పరీక్షలో వాడుక భాషకు ఇచ్చిన వీలు కూడా ఆ ఒత్తిడికి పోయింది. 1915లో గురజాడా పోయారు.

అప్పుడే మానేయొచ్చు. మానలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. తిట్టినవాళ్ళని తిరిగి తిట్టడం కంటే, వాళ్ళు నెత్తిన పెట్టుకున్న పాత గ్రంథాల్లోంచే వాడుక ప్రయోగాలు ఏరి చూపించడం ఆయన పద్ధతి. 1925లో తణుకులో పరిషత్తు సభలోనే నాలుగు గంటలు మాట్లాడి ఒప్పించారు. వినపడని మనిషి అంతసేపు మాట్లాడుతుంటే అడ్డుతగిలిన వాళ్ళ గతేమైందో అని నవ్వుకుంటుంటాను. అయితే ఆ చెవుడు మన కొండల్లో వచ్చింది, అది గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది.

తెలుగు గొడవలో పడి సవరను వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు కోశం మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోతే, యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. కోశం వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్ళు. 1940 జనవరిలో పోయారు.

ఆ వ్యాకరణం కాపీ తమ్ముడికి పంపాను. వాళ్ళమ్మ మాట్లాడే మాటలు అందులో వెతుక్కుంటున్నాడట. గదిలో మళ్ళీ ఎత్తాడో లేదో నేను అడగలేదు.