జాన్ నెవిన్స్ ఆండ్రూస్

జాన్ నెవిన్స్ ఆండ్రూస్ (జూలై 22, 1829 - అక్టోబరు 21, 1883) అమెరికాకు చెందిన క్రైస్తవ బోధకుడు, బైబిలు పండితుడు, రచయిత. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘము విదేశాలకు అధికారికముగా పంపిన మొదటి మిషనరీ ఇతడే. జె.ఎన్.ఆండ్రూస్ అన్న పేరుతో ప్రసిద్ధుడు.

== బాల్యము ==
ఆండ్రూస్ మెయిన్ రాష్ట్రములోని పోలండ్ అనే ఊరిలో జన్మించాడు. పదకొండవ యేటనే బడి మానివేసాడు. ఆ పైన నేర్చినదంతా స్వయంకృషితో నేర్చినదే. కాంగ్రెసు సభ్యుడైన పినతండ్రి చార్లెస్ ఆండ్రూస్ ఇతడిని చదివించి రాజకీయాలలోనికి తీసుకురావాలని ఆశించాడు గాని, ఇతని మనసు మతవిషయాల వైపు మరలింది.

విలియం మిల్లర్ బోధలను అనుసరించి, క్రీస్తు 1844 అక్టోబరు 22న తిరిగి వచ్చునని నమ్మిన వేలమందిలో ఆండ్రూస్ కుటుంబము కూడా ఉన్నది. ఆ రోజు గడచిపోయింది. అడ్వెంటిస్టుల చరిత్రలో దీనిని "మహా నిరాశ" అంటారు. మరుసటి సంవత్సరము టి.ఎం.ప్రెబుల్ వ్రాసిన చిన్న కరపత్రము ఒకటి ఇతని చేతికి వచ్చింది. విశ్రాంతి దినము ఆదివారము కాదనీ, శనివారమేననీ అందులోని వాదము. దానిని చదివి శనివారమును ఆచరించడము మొదలుపెట్టేనాటికి ఆండ్రూస్ ఇంకా యువకుడే. తరువాతి జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

== పాండిత్యము, రచనలు ==
1850లో బోధకునిగా పని ప్రారంభించి, 1853లో అభిషేకము పొందాడు. అప్పటికి శనివారమును పాటించేవారు జోసెఫ్ బేట్స్ చెప్పిన ప్రకారము శుక్రవారము సాయంకాలము ఆరు గంటలకు విశ్రాంతి దినము ఆరంభమైనట్లు లెక్కించేవారు. అందరూ దీనిని అంగీకరించలేదు. ఈ వివాదమును పరిశీలించే పనిని ఆండ్రూస్‌కు అప్పగించారు. లేఖనాలలో సాయంకాలము అనే మాట ఎక్కడెక్కడ ఏ అర్థములో వచ్చిందో వెదకి, అది గడియారపు గంట కాదు, సూర్యాస్తమయమేనని 1855 నవంబరులో బాటిల్ క్రీక్‌లో జరిగిన సమావేశములో నిరూపించాడు. అడ్వెంటిస్టులు నేటికీ అదే లెక్కను పాటిస్తున్నారు.

ఇతని ముఖ్య గ్రంథము విశ్రాంతి దినము, వారపు మొదటి దినముల చరిత్ర. 1859లో వెలువడిన ఈ పుస్తకమును 1873లో బాగా పెంచి మరల ప్రచురించాడు. తొలి శతాబ్దాల క్రైస్తవ రచయితల గ్రంథాలను గాలించి, ఆదివారాచరణ ఎట్లు వ్యాపించిందో ఇందులో వివరించాడు. ఇతని మరణానంతరము ఎల్.ఆర్.కాన్రాడి దీనిని విస్తరించగా 1912లో మరొక కూర్పు వచ్చింది. బడిచదువు లేని ఈ మనిషి బైబిలును ఏడు భాషలలో చదువగలిగేవాడని చెబుతారు. అయితే తీరిక లేని అధ్యయనము వలన ఆరోగ్యము చెడి, 1850 దశకములో కొంతకాలము అయోవా రాష్ట్రములోని వాకన్‌లో ఉండిపోవలసి వచ్చింది. అక్కడే 1856లో ఏంజలీన్ స్టీవెన్స్‌ను వివాహమాడాడు.

అమెరికా అంతర్యుద్ధ కాలములో, 1864లో, సంఘము తరఫున వాషింగ్టన్ వెళ్ళి, అడ్వెంటిస్టులు ఆయుధము పట్టని వర్గానికి చెందినవారన్న గుర్తింపును సాధించాడు. 1867 నుండి 1869 వరకు జనరల్ కాన్ఫరెన్సు అధ్యక్షుడు. ఆ తరువాత కొద్దికాలము రివ్యూ అండ్ హెరాల్డ్ పత్రికకు సంపాదకుడు.

== ఐరోపాలో ==
1872లో ఏంజలీన్ మరణించింది. రెండేళ్ళ తరువాత, 1874 సెప్టెంబరు 15న, కుమారుడు చార్లెస్, కుమార్తె మేరీలతో బోస్టన్ నుండి ఓడ ఎక్కాడు. నిజానికి స్విట్జర్లాండులో శనివారమును ఆచరించేవారు అప్పటికే ఉన్నారు. అంతకు పదేళ్ళ ముందు ఎం.బి.చెహోవ్‌స్కీ అనే పోలండు దేశీయుడు, సంఘము పంపకుండానే తనంతట తాను వెళ్ళి, వారిని కూడగట్టాడు. ఆండ్రూస్ పని ఆ పునాది మీద మొదలయింది.

భాష పెద్ద అడ్డంకి అయింది. తప్పులు లేని ఫ్రెంచిలో తప్ప పత్రికను అచ్చువేయరాదని ఇతని పట్టుదల. అందుకని ఇంట్లో ఫ్రెంచి మాత్రమే మాట్లాడాలని తండ్రీ పిల్లలూ ఒప్పందము వ్రాసుకున్నారు. 1876 జూలైలో బాసెల్ నగరము నుండి "కాలముల సూచనలు" అనే అర్థము గల పేరుతో ఫ్రెంచి మాసపత్రిక వెలువడింది. మేరీ ఫ్రెంచిని చక్కగా నేర్చి అచ్చుప్రతులను దిద్దేది. ఆమెకు క్షయ సోకింది. 1878లో తండ్రి ఆమెను చికిత్సకై బాటిల్ క్రీక్ తీసుకువెళ్ళాడు గాని, ఆ సంవత్సరము నవంబరు 27న పదిహేడవ యేట మరణించింది. రోచెస్టర్‌లో తల్లి సమాధి వద్దనే ఆమెను ఖననము చేసారు.

సంఘములోకెల్లా సమర్థుడైన వ్యక్తిని మీ వద్దకు పంపామని ఎలెన్ వైట్ స్విస్ విశ్వాసులకు వ్రాసింది. అదే సమయములో ఆండ్రూస్ చిన్న వివరాల కోసము అతిగా శ్రమపడతాడని ఆమె అతడిని మందలించింది కూడా. రెండు మాటలూ నిజమే అనిపిస్తుంది. బాసెల్‌కు తిరిగివెళ్ళి, తానూ క్షయవ్యాధికి లోనై, మంచము మీద నుండే పత్రికకు వ్యాసాలు చెప్పి వ్రాయించాడు. 54వ యేట అక్కడే మరణించాడు. సమాధి ఆ నగరములోనే ఉన్నది.

== స్మారకాలు ==
మిషిగన్ రాష్ట్రము బెరియన్ స్ప్రింగ్స్‌లోని ఇమ్మానుయేల్ మిషనరీ కళాశాలకు 1960లో ఆండ్రూస్ విశ్వవిద్యాలయమని పేరు పెట్టారు. చార్లెస్ కుమారుడు, తాతగారి పేరే గల వైద్యుడు, టిబెట్ సరిహద్దు ప్రాంతములో మిషనరీగా పనిచేసాడు. విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఆండ్రూస్ శిల్పము ఉన్నది. అందులో అతడు ఒంటరిగా లేడు. ప్రయాణానికి సిద్ధమైన చార్లెస్, మేరీలు పక్కనే ఉన్నారు.