పాత్రలో ఎంత పోయాలి?
1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో పూటకూళ్లమ్మనో కోట కాపలావాడినో నడిపేది ఆటగాళ్లు కాదు, ఆటను నిర్వహించే డంజన్ మాస్టర్. ఇలాంటి ఎన్‌పీసీలను (నాన్-ప్లేయర్ క్యారెక్టర్లను) ‘ఆడని పాత్రలు’ అనడం పొరపాటు. అవీ ఆడతాయి, మాస్టర్ నోట. ‘పాత్ర’కు మూలం తాగడమనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘పా’. తాగే గిన్నె కాస్తా, దేన్నైనా పట్టే అర్హతైంది; అందుకే దయకు పాత్రుడు, అపాత్రదానం. సంస్కృత నాటకంలో నటుణ్నీ పాత్రే అనేవారు. మనకిప్పుడు పాత్ర వేరు, పాత్రధారి వేరు. మరి ఎన్‌పీసీ కూడా పాత్రే కదా, గిన్నె అన్నాక నిండా పోయాలిగా, వంశవృత్తాంతమంతా రాయాలిగా అనొచ్చు. అక్కర్లేదు. రాని బాకీ తలచుకుని గొణుగుతూ, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టే పూటకూళ్లమ్మ చాలు. మిగతాది ఆటగాళ్ల ప్రశ్నలే నింపుతాయి. ఎన్‌పీసీలకు తెలుగు పేరు కావాలంటారా, ‘మాస్టర్ పాత్రలు’ అనండి.