పెరిగాకే కరిగిన కణితి

1987లో ఫ్రాన్స్‌లో పియర్ గోల్‌స్టెయిన్ బృందం ఎలుకల్లో రోగనిరోధక కణాలైన టీ కణాల్లో ఒక కొత్త జన్యువును పట్టుకుంది. దానికి సీటీఎల్ఏ-4 అని పేరు పెట్టారు. పేరైతే దొరికింది గానీ, ఆ జన్యువు తయారు చేసే ప్రొటీన్ ఒంట్లో ఏం పని చేస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు.

అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆలిసన్‌ను ఆ ప్రశ్న పట్టుకుంది. ఆయన 1948లో టెక్సస్‌లోని ఆలిస్ అనే ఊళ్లో పుట్టారు. చిన్నప్పుడే తల్లి లింఫోమా అనే క్యాన్సర్‌తో పోయింది. అయినా క్యాన్సర్ మందు కోసం ఆయన ఈ దారి పట్టలేదు. టీ కణం ఎప్పుడు కదులుతుంది, ఎందుకు ఆగుతుంది అన్నదే ఆయన పట్టుదల.

మొదటి ఆధారం రూపం. శత్రువును గుర్తుపట్టినంత మాత్రాన టీ కణం కదలదు, దానికి రెండో సంకేతం కూడా అందాలి. అది సీడీ28 అనే ప్రొటీన్ ద్వారా అందుతుందని 1992లో ఆలిసన్ ప్రయోగశాల తేల్చింది. సీటీఎల్ఏ-4 అచ్చం దానికి తోబుట్టువులా ఉంది. రెండూ అతుక్కునేది ఒకే అణువుకు, అందులోనూ సీటీఎల్ఏ-4 పట్టు ఇంకా గట్టిది. సీడీ28 యాక్సిలరేటర్ అయితే ఇదీ యాక్సిలరేటరే అయ్యుండాలి కదా? సియాటిల్‌లోని ఒక ఔషధ కంపెనీ శాస్త్రవేత్తలు అలాగే అనుకున్నారు. వాళ్ల దగ్గర రుజువు కూడా ఉంది: సీటీఎల్ఏ-4కు అంటుకునే యాంటీబాడీ వేస్తే టీ కణాలు ఇంకా ఎక్కువగా పెరిగాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. యాంటీబాడీ ఒక ప్రొటీన్‌ను ప్రేరేపించనూ వచ్చు, దాని పనికి అడ్డుపడనూ వచ్చు. కణాలు పెరిగింది యాక్సిలరేటర్ తొక్కినందుకా, బ్రేకు మీంచి కాలు తీసినందుకా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. షికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్ బృందం యాంటీబాడీ ముక్కను వాడి చూసింది. ఆ ముక్క అంటుకుని అడ్డుపడగలదే తప్ప ప్రేరేపించలేదు. అయినా కణాలు పెరిగాయి. అంటే అది బ్రేకే. బర్క్‌లీలో ఆలిసన్ విద్యార్థి మాథ్యూ క్రమెల్ ప్రయోగాలూ ఆ మాటే చెప్పాయి.

బ్రేకని తేలాక దానితో ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. టీ కణాలను అణచి పెట్టడానికి దాన్ని వాడుకోవచ్చని కొందరు ఆలోచించారు. ఆలిసన్ ఆలోచన ఎదురుదిక్కున నడిచింది: బ్రేకు తీసేస్తే టీ కణాలు కణితి మీద పడతాయా? 1994 చివర ఆయన ప్రయోగశాలలో డానా లీచ్ కణితులున్న ఎలుకలకు యాంటీబాడీ ఇచ్చారు. కణితులు కరిగిపోయాయి. ఫలితం నమ్మశక్యంగా లేక క్రిస్మస్ సెలవుల్లోనే మళ్లీ చేశారు. లీచ్ సెలవు మీద వెళితే, ఏ ఎలుకకు మందు పడిందో తెలియకుండా ఆలిసనే కణితులు కొలిచారు. మొదట్లో అన్ని ఎలుకల్లోనూ కణితి పెరుగుతూనే ఉంది. ఆయన డీలాపడ్డారు. తర్వాత ఒక గుంపులో పెరుగుదల ఆగింది, కణితులు చిక్కి మాయమయ్యాయి. ఆ వ్యాసం 1996 మార్చిలో 'సైన్స్' పత్రికలో వచ్చింది.

ఈలోగా 1995లో మరో ఆధారం దొరికింది. టొరంటోలో టక్ మాక్, బోస్టన్‌లో ఆర్లీన్ షార్ప్ బృందాలు సీటీఎల్ఏ-4 లేని ఎలుకలను పుట్టించాయి. అవి మూడు నాలుగు వారాలకే చనిపోయాయి. అదుపు తప్పిన టీ కణాలు సొంత అవయవాల్లోకే చొరబడ్డాయి. అది బ్రేకన్న మాటకు ఇంతకంటే రుజువు లేదు, దాన్ని తీసేయడంలోని ప్రమాదానికి ఇంతకంటే హెచ్చరికా లేదు.

ఇక మనుషులకు ఇవ్వాలంటే ఔషధ కంపెనీ ముందుకు రావాలి. చాలా కంపెనీలు వద్దన్నాయి, చివరికి మెడారెక్స్ ఒప్పుకుంది. అలా ఇపిలిముమాబ్ తయారైంది. రోగుల స్కాన్లలో మాత్రం పాత చిక్కే మళ్లీ ఎదురైంది. కీమోథెరపీకి పెట్టుకున్న కొలత ప్రకారం కణితి పెరిగితే మందు విఫలమైనట్టే. ఇక్కడ కొందరికి కణితి ముందు పెరిగి తర్వాత చిక్కింది. టీ కణాలు గుంపుగా లోపలికి వెళితే అది వాచినట్టే కనిపిస్తుంది మరి! ఇదే ప్రొటీన్‌ను అడ్డుకునే ఫైజర్ మందు పరీక్ష 2008లో ఆగిపోయింది. ఇపిలిముమాబ్ పరీక్షలో మాత్రం కణితి కొలతను పక్కనబెట్టి, రోగి ఎంతకాలం బతికారన్నదే ప్రధాన లెక్కగా తీసుకున్నారు. నా దృష్టిలో ఆలిసన్ కథలో సగం గెలుపు ఈ నిర్ణయానిదే. క్రిస్మస్ నాటి ఎలుకలు ముందే చెప్పిన సంగతిని వైద్యలోకం వినడానికి పదిహేనేళ్లు పట్టింది.

2010లో ఫలితాలొచ్చాయి. ముదిరిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 676 మందిలో, ఇపిలిముమాబ్ అందినవారిలో సగం మంది సుమారు పది నెలలకు పైగా బతికారు. పోలిక కోసం ఇచ్చిన టీకా మాత్రమే అందినవారిలో ఆ గీత 6.4 నెలల దగ్గరే ఆగింది. అంకె చిన్నదే. కానీ కొందరు ఏళ్ల తరబడి బతికారు, ముదిరిన మెలనోమాలో అంతకుముందు అది అరుదు. అమెరికా 2011 మార్చిలో అనుమతిచ్చింది. 2018లో, పీడీ-1 అనే మరో బ్రేకును కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోతో కలిసి ఆలిసన్ నోబెల్ అందుకున్నారు.

ఇంట్లో ఎవరైనా ఈ రకం మందులు వాడుతుంటే ఆ ఎలుకల కథ గుర్తుంచుకోండి. మొదటి స్కాన్‌లో కణితి పెరిగినా, చాలామందిలో అది నిజంగా పెరగడమే, కొద్దిమందిలో కాదు. అది తేల్చాల్సింది డాక్టరే కాబట్టి మీరుగా మందు మానెయ్యకండి. విరేచనాలు పట్టుకున్నా, ఆయాసం వచ్చినా ఇంట్లో ఉన్న మాత్ర వేసి ఊరుకోకండి. టీ కణాలు పేగుల మీదో ఊపిరితిత్తుల మీదో పడ్డాయేమోనని అనుమానించి, ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి.