ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ స్త్రీలు

పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు ఉత్తరభాగమున, కింబర్లీ ప్రాంతమునందు, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అను చిన్న పట్టణము గలదు. బునుబా మున్నగు ఆదివాసి జాతులకు అది తరతరముల నివాసభూమి. 1968 చివర ఆదివాసి పశుకాపరులకును తెల్లవారితో సమానముగా కూలి యీయవలెనను నిర్ణయము అమలులోనికి వచ్చెను. అంతట పెక్కురు యజమానులు వారిని తమ పశుక్షేత్రములనుండి వెడలగొట్టిరి. న్యాయముకొఱకు వచ్చిన నిర్ణయమే వారిని నిరాశ్రయులను జేసెను! వారు పట్టణపు పొలిమేరల గుడిసెలు వేసికొనిరి. పనిలేని చోట మద్యము ప్రవేశించెను. 2006 నాటికి ఆత్మహత్యలును, స్త్రీలపై దెబ్బలును మితిమీరెను.

2007 జూలైలో స్త్రీలు సభ గూడిరి. జూన్ ఆస్కార్, ఎమిలీ కార్టర్ ముందు నిలిచిరి. సంపూర్ణ నిషేధమును వారడుగలేదు. ఇండ్లకు గొనిపోవు ఘాటైన మద్యమును మాత్రము 12 మాసములు ఆపుడనిరి. ఆ స్వల్పమునకే స్వజనులు సైతము కొందఱు వారిని దూషించిరి. ప్రభుత్వాధికారి 6 మాసములకు సమ్మతించెను. 2007 అక్టోబరు 2 నుండి 2.7 శాతమునకు మించిన మద్యమును దుకాణము వెలుపలికి అమ్మరాదయ్యెను. 2008లో గడువు తొలగి ఆ కట్టడి నిలిచెను.

నిషేధమొక్కటే చికిత్స కాదని వారెఱుగుదురు. 2009లో వైద్యులను తామే పిలిచి, 2002, 2003లలో జన్మించిన బిడ్డలను పరీక్షింపజేసిరి. గర్భిణులుగా తాము త్రాగిన సంగతిని తల్లులు దాచక చెప్పిరి. ఇంతకంటె కష్టమైన సాక్ష్యముండునా? సుమారు అయిదుగురిలో ఒక బిడ్డకు ఆ మద్యమువలన హాని గలిగినట్లు తేలెను. ఆ పరిశోధనకు ‘లిలిల్వన్’ అని పేరిడిరి. అక్కడి వాడుకభాషలో ‘చిన్నపిల్లలందఱు’ అని దాని యర్థము.